చేతులు నేర్చినంత నోరు నేర్వలేదు

రిటైరై పద్నాలుగు నెలలైంది. ఇప్పటికీ టెక్సాస్‌లో మా ఇర్వింగ్ ఊళ్ళో ఇండియన్ గ్రోసరీకి వెళ్తే బెండకాయలు ఏరడం మానేసి మనుషుల నడక చూస్తుంటాను. ఆ పెద్దాయన కుడికాలు మీద బరువు వెయ్యట్లేదు. ఈవిడ భుజం సగానికి మించి లేవట్లేదు, పై అరలో పప్పు ప్యాకెట్టు ఎలా అందుకుంటుందో ఏమో. మొన్న ఒకాయన వాకర్ మరీ ఎత్తుగా పెట్టుకుని నడుస్తుంటే ఉండబట్టలేక వెనకాలే వెళ్ళి, "బాబాయిగారూ, ఒక్క నిమిషం" అని వంగి, దాని కాళ్ళు రెండు మెట్లు కిందికి దించేశాను. ఆయన కొడుకు నన్ను ఎగాదిగా చూశాడు. మా ఆయన బండి పట్టుకుని నేనెవరో తెలియనట్టు దూరంగా నిలబడ్డారు.

ముప్ఫై ఒక్కేళ్ళు ఫిజికల్ థెరపిస్టుగా చేశాను. మనవైపు ఫిజియోథెరపీ అంటారు, పని ఒకటే. పడ్డవాళ్ళని, కోతలు పడ్డవాళ్ళని మళ్ళీ లేపి నడిపించడం. నాకిప్పుడు ఆ పని మీద బెంగగా ఉంది, దాచుకోవడం ఎందుకు? పొద్దున్నే ఏడింటికి క్లినిక్ తలుపు తీస్తే వచ్చే శానిటైజర్ వాసన మీద బెంగ. మూడు వారాలు మొరాయించిన మోకాలు ఉన్నట్టుండి నా చేతిలో ఇంకో ఐదు డిగ్రీలు వంగే ఆ క్షణం మీద బెంగ. వీటన్నిటికన్నా ఒక పిల్ల మీద బెంగ. ఆ పిల్ల గురించే రాస్తున్నాను. కొత్తగా డిగ్రీ పుచ్చుకుని ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు చదవండి. వాళ్ళకి నేర్పుతున్నాం అనుకునే నాలాంటి సీనియర్లు ఇంకాస్త జాగ్రత్తగా చదవండి.

లొరెయిన్ దగ్గర

అమెరికాలో నా మొదటి ఉద్యోగం ఒక నర్సింగ్ హోమ్‌లో. నాకు పని నేర్పినావిడ పేరు లొరెయిన్. అరవైకి దగ్గరపడ్డ టెక్సాస్ మనిషి, మంచి ఎత్తరి, మాట పొదుపు. నేను పేషెంట్ మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆవిడ తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునేది. చాలా రోజులు అది పొగరనుకున్నాను. జేబుల్లో లేకపోతే ఆ చేతులు వచ్చి నా పని చేసేస్తాయని ఆవిడ భయం. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మూడో వారంలో ఒక ముసలాయన్ని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మారుస్తూ బ్రేక్ వెయ్యడం మర్చిపోయాను. కుర్చీ వెనక్కి జారింది. ఆయన్ని గట్టిగా పట్టుకుని మెల్లగా నేల మీదికి దింపాను, ఆయనతోపాటు నేనూ కూలబడ్డాను. దేవుడి దయ, దెబ్బ తగల్లేదు. లొరెయిన్ చేతులు జేబుల్లోంచి ఎప్పుడొచ్చాయో తెలియదు. నర్సుని పిలిచింది, ఆయన కూతురికి ఫోన్ చేయించింది, జరిగింది జరిగినట్టు నాతోనే రిపోర్ట్ రాయించింది. బ్రేక్ వెయ్యలేదన్న మాటని నేను కాస్త మెత్తగా రాయబోతే కొట్టేయించి మళ్ళీ రాయించింది. ఆ తర్వాత దుప్పట్లు పెట్టే గదిలోకి దూరి నేను ఏడుస్తుంటే, ఎవరూ రాకుండా తలుపు దగ్గర నిలబడింది.

మర్నాడు భోజనాల దగ్గర ఒకతను నవ్వుతూ, "కొత్త ఇండియన్ అమ్మాయి నిన్న దుప్పట్ల గదిలో ఏడ్చిందటగా?" అన్నాడు. నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. తల కొట్టేసినట్టయింది. లొరెయిన్ తినడం ఆపకుండానే, "ఆ అమ్మాయి బాగా పని చేస్తోంది. ఆ ఉప్పు ఇలా ఇవ్వు" అంది.

పేషెంట్‌కి సంబంధించింది ఏదైనా సరే కాగితం మీదికి వెళ్ళాలి, పూర్తిగా వెళ్ళాలి. నా ఏడుపు మాత్రం నాది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆవిడకి బాగా తెలుసు. ఆవిడ దగ్గర చేతులు జేబుల్లో పెట్టుకోవడం నేర్చుకున్నాను. నా ఏడుపు సంగతి ఎవరికీ చెప్పకపోవడం నా కోసమే చేసినా, అదీ ఒక పాఠమేనని అప్పుడు నాకు తట్టలేదు.

పార్కింగ్ లాట్ చదువు

చివరి పదకొండేళ్ళు లాస్ కొలీనాస్ దగ్గర ఒక క్లినిక్‌లో చేశాను. "మా దగ్గర కొత్తవాళ్ళకి మెంటరింగ్ ఉంటుంది" అని ఇంటర్వ్యూలో చెప్పని క్లినిక్ ఈ చుట్టుపక్కల లేదు. చేరాక చూస్తే రెండు వారాలు ఎవరో ఒకరి వెనకాల తిప్పుతారు, మూడో వారం పేషెంట్లందరినీ తెచ్చి నెత్తిన పెడతారు. మా మేనేజర్ కూడా అంతే. చెడ్డవాడేం కాదు, తనకీ ఎవరూ నేర్పలేదు పాపం.

ప్రణతి నా స్నేహితురాలు ఉమ కూతురు. ఉమా నేనూ ఒకే అపార్ట్‌మెంట్స్‌లో ఎదురెదురు తలుపుల్లో ఉండేవాళ్ళం. ప్రణతి ఇక్కడే పుట్టింది. దాని బోర్లాపడ్డ పండుగకి బొబ్బట్లు చేసింది నేనే. డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ పూర్తయి, లైసెన్స్ వచ్చి, మా క్లినిక్‌లో ఉద్యోగం దొరికాక ఉమ ఫోన్ చేసింది. "అక్కా, మా పిల్లని నీ చేతుల్లో పెడుతున్నా. ఇంక నాకు బెంగ లేదు" అంది.

నాకు ఇద్దరూ మగపిల్లలే, ఇద్దరికీ కంప్యూటర్లు తప్ప ఇంకోటి అక్కర్లేదు. నా పని నేర్చుకుంటానని మన ఇంటి పిల్ల వస్తే ఎంత సంబరం! మొదటిరోజే, "క్లినిక్‌లో మిమ్మల్ని ఏమని కాల్ చెయ్యాలి ఆంటీ?" అని అడిగింది. "ఆంటీ అనే పిలు, ఎవరడ్డం?" అన్నాను.

సాయంత్రం ఐదున్నరకి పని అయ్యాక ఇద్దరం నా కార్‌లో కూర్చునేవాళ్ళం. ఏసీ పెద్దది చేసి, ఫ్లాస్కులో టీ చెరిసగం పోసుకుని పావుగంట మాట్లాడుకునేవాళ్ళం. నేను ఒకటే అడిగేదాన్ని. "ఇవాళ నీకు ఏది తెలియలేదు?"

అబ్బో, ఎన్ని అడిగేదో! "ఆంటీ, పేషెంట్ నొప్పి టెన్ అవుట్ ఆఫ్ టెన్ అని నవ్వుతూ చెప్తే నేను ఏం రాయాలి?" "ఆంటీ, హిప్ సర్జరీ అయిన ఆవిడ ఎక్సర్‌సైజ్ చెయ్యట్లేదు, వాళ్ళ హస్బెండ్ గురించే మాట్లాడుతుంది. నేను వినాలా, ఆపాలా?" ఇలాంటివి పుస్తకాల్లో ఉండవు. వినమనేదాన్ని. వింటూనే కాలు లేపించమనేదాన్ని. నా ముప్ఫై ఏళ్ళలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు. ఇప్పటికీ ఐదున్నర అయితే టీ గిన్నె పొయ్యి మీద పెట్టి ఊరికే నిలబడిపోతాను.

ఆరో రోజునో ఏడో రోజునో కార్ ఎక్కగానే భోరుమంది. భుజం పట్టేసిన ఒక పెద్దాయనకి పది నిమిషాలపాటు బాగున్న భుజాన్ని సాగదీసిందట. ఆయన మహా మర్యాదస్థుడు. డాక్టరమ్మకి తెలుసు కదా అని నోరెత్తలేదు. పదో నిమిషంలో, "అమ్మాయ్, ఇది చాలా బాగుంది. రెండోదానికి ఎప్పుడు చేస్తావు?" అన్నాడట.

నేను నవ్వు ఆపుకున్నాను. ఆయనకి చెప్పావా అంటే చెప్పింది, సారీ కూడా అడిగింది. నోట్‌లో రాశావా అంటే రాసింది. "ఇంకేముంది మరి? నేనైతే ఒకసారి ఏకంగా వేరే పేషెంట్‌నే తీసుకెళ్ళి పడుకోబెట్టాను" అన్నాను. ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. "మీకు చెప్పాక బెటర్‌గా ఉంది ఆంటీ" అంది.

వ్రతం భోజనాలు

రెండు వారాల తర్వాత ఉమ వాళ్ళ కొత్త ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నలభైమంది దాకా వచ్చారు. కథ అయింది, హారతి అయింది, అందరం పులిహోర పళ్ళాలతో కూర్చున్నాం. ఎవరో, "మీ ప్రణతి ఎలా చేస్తోంది వసుంధరా?" అన్నారు.

నాకు ఊరికే ఉండటం రాదు. పదిమంది నా వైపు తిరిగితే నా నోటికి రెక్కలొస్తాయి. భుజం కథ మొత్తం చెప్పాను. ఉత్తినే చెప్పలేదు, ఆ పెద్దాయనలా భుజం పట్టుకుని, ఆయన గొంతుతో, "రెండోదానికి ఎప్పుడు చేస్తావు?" అని నటించి మరీ చెప్పాను. ఆయన పేరూ ఊరూ చెప్పలేదు కాబట్టి రూల్ తప్పలేదని కూడా లోపల అనుకున్నాను. చూడండి నా తెలివి! అందరూ పగలబడి నవ్వారు. ఉమ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "కుడి ఏదో ఎడమ ఏదో తెలీదా అమ్మలూ నీకు?" అంది.

ప్రణతి మంచినీళ్ళ గ్లాసుల ట్రే పట్టుకుని అక్కడే ఉంది. అదీ నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మోసపోయాను. ముద్దుగా చెప్పాను, ముద్దుగానే తీసుకుంది అనుకున్నాను. మనవాళ్ళలో పిల్లల సంగతులు పదిమందిలో చెప్పి నవ్వడం ప్రేమే కదా, నన్నూ అలాగే పెంచారు.

సోమవారం యథాప్రకారం కార్‌లో కూర్చుంది. ఏది తెలియలేదంటే, "ఈరోజు అంతా ఓకే ఆంటీ" అంది. మంగళవారం కూడా అదే జవాబు. తర్వాత్తర్వాత ఏదో ఒకటి అడిగేది గానీ, అన్నీ జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు. పిల్ల ఎదిగిపోయింది అనుకున్నాను. మేనేజర్‌తో, "దానికింక నా అవసరం లేదు" అని గొప్పగా చెప్పాను. కొత్తగా పనిలో చేరి రెండు నెలలు కాని మనిషికి తెలియనిదంటూ ఏమీ లేకపోతే అనుమానపడాలి. అంత అనుభవం పెట్టుకుని నేను పొంగిపోయాను.

పిక్క

గ్లోరియా అని స్కూల్ బస్ నడిపే ఆవిడ. మోకాలు మార్పిడి అయి రెండు వారాలు. ప్రణతి పేషెంట్. ఆ గురువారం ఆపరేషన్ అయిన కాలు పిక్క అంతకుముందు కన్నా బిగువుగా, కాస్త వెచ్చగా ఉన్నట్టు ప్రణతి చేతికి తెలిసింది. మోకాలు ఆపరేషన్ తర్వాత వాపు మామూలే. అయితే పిక్కలో రక్తం గడ్డకట్టినా అలాగే ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడం మాలాంటి పాతవాళ్ళకే కష్టం, అందుకే అనుమానం రాగానే ఇంకొకరి చెయ్యి వేయిస్తాం, సర్జన్‌కి ఫోన్ చేస్తాం, అదే రోజు స్కాన్‌కి పంపిస్తాం.

నేను పక్క కర్టెన్ అవతల ఉన్నాను. నాలుగు అడుగుల దూరం. ప్రణతి అడగలేదు. గ్లోరియాతో వాపు ఎక్కువైతే డాక్టర్‌కి కాల్ చెయ్యమని చెప్పి ఇంటికి పంపించింది.

శనివారం పొద్దున ఆవిడకి ఊపిరి అందక ఆంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. పిక్కలోని గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. బతికింది. సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ బయటపడేదాకా నేను మొక్కని దేవుడు లేడు.

సోమవారం ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పగానే ప్రణతి మొహం తెల్లబోయింది. తనే వెళ్ళి మేనేజర్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది, రిపోర్ట్ రాసింది. ఒక్క మాట దాచలేదు. సాయంత్రం కార్‌లో నేను కోపం పట్టలేకపోయాను. "పక్కనే ఉన్నాను కదే! ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని. ఎందుకు అడగలేదు?"

చేతిలో టీ కప్పు తాగకుండానే డాష్‌బోర్డ్ మీద పెట్టేసింది.

"నేను మిమ్మల్ని పిలిచి, అది ఏమీ కాకపోతే, మీరు ఆ స్టోరీ చెప్తారు ఆంటీ," అంది. "నెక్స్ట్ పార్టీలో. అమ్మ నవ్వుతుంది. అమ్మ ఇప్పటికీ డైలీ అంటుంది, లెఫ్టా రైటా అమ్మలూ అని. డాడ్ కూడా. నేను కర్టెన్ దాకా వచ్చాను ఆంటీ. చెయ్యి కూడా పెట్టాను కర్టెన్ మీద. వెనక్కి వెళ్ళిపోయాను."

ఆ పిల్ల తప్పు లేదని అనను. పేషెంట్ ప్రాణం ముందు మన సిగ్గు ఎంత? అది దానికి తెలుసు, నేను చెప్పక్కర్లేదు, జీవితాంతం మర్చిపోదు. కానీ ఆ కర్టెన్ దగ్గర దాన్ని వెనక్కి లాగింది నేను. పులిహోర తింటూ నటించి చూపించిన నా భుజం.

అప్పుడే సారీ చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది రాయడానికే సిగ్గుగా ఉంది. ఆ రాత్రి ఉమ ఏడుస్తూ ఫోన్ చేస్తే, "తప్పంతా నాదే ఉమా, పిల్ల నాతో ఇలా అంది" అని కార్‌లో మాటలన్నీ పూసగుచ్చినట్టు దానికి చెప్పేశాను. పిల్లని వెనకేసుకొస్తున్నాను అనుకున్నాను. మర్నాడు ప్రణతి వచ్చి, "అమ్మకి అది కూడా చెప్పారా?" అంది. అంతే అంది. నా క్షమాపణని కూడా నా నోరు ఊరేగించింది.

ఆ రోజు నుంచి నన్ను ఆంటీ అనడం మానేసింది. క్లినిక్‌లో అందరిలాగే వసుంధర అని పిలిచేది. మర్యాదగా ఉండేది, పని శ్రద్ధగా చేసేది. సందేహం వస్తే ఇంకో థెరపిస్టుని పిలిచేది. ఐదు నెలల తర్వాత నార్త్ కరోలినాలో, క్యారీలో ఉద్యోగం వెతుక్కుని వెళ్ళిపోయింది. ఫేర్‌వెల్ కేక్ నేనే తెచ్చాను. ఒక ముక్క తిని, "థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్" అంది. తెలుగులో అనలేదు.

ఆ తర్వాత

తర్వాత రెండేళ్ళు పనిచేశాను. ఇద్దరు కొత్తవాళ్ళకి నేర్పాను. వాళ్ళ ప్రశ్నలు వచ్చాయి, ఏడుపులు వచ్చాయి, ఒక్కటీ నా నోరు దాటలేదు. కానీ వాళ్ళు ప్రణతి కారు. నాకు అది కావాలనిపించేది. "ఆంటీ, పేషెంట్ నవ్వుతూ చెప్తే..." అన్న ఆ గొంతు కావాలి. ఎన్నోసార్లు ఫోన్ తీసి నంబర్ దాకా వెళ్ళి ఆగిపోయాను. ఏ మొహంతో చెయ్యను?

మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పదకొండు గంటలప్పుడు, తనే చేసింది. కాసేపు మా ఆయన గురించి, ఇక్కడి చలి గురించి అడిగింది. ఏమనీ పిలవలేదు. నేను ఎదురుచూశాను గానీ, పిలవలేదు. తర్వాత చెప్పింది. "ట్రెయిన్ చెయ్యమని నాకు ఒక న్యూ గ్రాడ్‌ని ఇచ్చారు. తను నాకు ఏమీ చెప్పదు. అంతా ఓకే అంటుంది. నాకు భయంగా ఉంది. ఏం చెయ్యాలి?"

"ఆ అమ్మాయి తప్పులు అడగొద్దు తల్లీ," అన్నాను. "నీవి చెప్పు. నాలాగా ఎప్పుడో పాతికేళ్ళ నాటివి, నవ్వొచ్చేలా నగిషీ చెక్కినవి కాదు. ఈ వారం చేసింది, నీకింకా మంటగా ఉన్నది చెప్పు. తను చెప్పినప్పుడు విను. చార్ట్‌లోకి వెళ్ళాల్సింది చార్ట్‌లోకి వెళ్ళాలి. మిగిలింది నీతోనే మట్టిలో కలిసిపోవాలి."

తర్వాత ఆ వారం తను చేసిన ఒక తప్పు నాకు చెప్పింది. నలభై నిమిషాలు చెప్పింది.

ఆదివారం గుళ్ళో ఉమ నా పక్కన కూర్చుని, "ప్రణతి నీకు ఫోన్ చేసిందటగా అక్కా, ఏమంది?" అంది. పని సంగతులు అన్నాను. "నాతో రెండు నిమిషాలు కూడా మాట్లాడదు. నీకేం చెప్పింది? బాగానే ఉందా? నాకు చెప్పకూడనిదా?" అని చెయ్యి పట్టుకుంది. కన్నతల్లి, కూతురి మాట కోసం మొహం వాచిపోయి ఉంది. నాకు చెప్పేయాలని గొంతు దాకా వచ్చింది. "బాగానే ఉంది. మిగతాది దాన్నే అడుగు ఉమా" అన్నాను. ఉమకి కోపం వచ్చింది. ప్రసాదం తీసుకోకుండా లేచి వెళ్ళిపోయింది. మనసు చివుక్కుమంది, కానీ పిలవలేదు.

ఇదంతా ఎక్కడా అచ్చు కాకముందే ప్రణతికి ఫోన్ చేసి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. పేర్లన్నీ మార్చాను అన్నాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. భుజం కథ ఉండనిమ్మంది, గ్లోరియా సంగతి తప్పకుండా ఉండాలంది, కొత్తవాళ్ళు చదవాలంది. ఒక్క పేరా మాత్రం తీసేయమంది. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. నేను రాసిన మొత్తంలో అన్నిటికన్నా బాగా కుదిరిన పేరా అది. తీసేశాను.